లండన్ చదువుకు వెళుతున్న స్వాతికి

చిరంజీవి స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

లండన్‌లో స్థిరపడిన ఆఫ్రికన్ సంతతి స్త్రీల జీవితాల మీద ఎం.ఏ. చేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. ఫీజులు, చలిబట్టల సంగతి మీ నాన్న చూసుకుంటాడు.

సిద్ధాంతాల జోలికి వెళ్లేముందు ఒక తీర్పు చదువు. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాను 1976లో సెయింట్ లూయిస్‌లోని కోర్టు తోసిపుచ్చింది. 1964కు ముందు ఆ సంస్థ నల్లజాతి స్త్రీలను దాదాపుగా పనిలోకి తీసుకోలేదు. 1970 తరువాత చేరిన నల్లజాతి స్త్రీలంతా, చివర చేరినవారే ముందు పోవాలన్న సీనియారిటీ నియమం వల్ల, మాంద్యం రాగానే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అయినా కోర్టు, స్త్రీలకు ఉద్యోగాలు ఇచ్చారు కనుక స్త్రీ వివక్ష లేదని, జాతి వివక్షను వేరే దావాలో తేల్చుకోమని చెప్పింది. ఆ ఉద్యోగాలు దొరికిన స్త్రీలు తెల్లవారు! రెండు లెక్కలూ విడివిడిగా సరిపోయాయి, నల్లజాతి స్త్రీ మాత్రం రెండింటిలోనూ లేకుండా పోయింది. జాతి వివక్షనూ స్త్రీ వివక్షనూ విడివిడిగా చూస్తే, రెండూ కలిసి మీదపడేవారి కష్టం కనబడదన్న తన వాదంలో అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ తీర్పునే ఎత్తిచూపారు. అంతకు నలభై ఏళ్ల ముందే, ట్రినిడాడ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కమ్యూనిస్టు నాయకురాలు క్లాడియా జోన్స్, నల్లజాతి స్త్రీల కష్టాలను ఉద్యమాలు సైతం పట్టించుకోవడం లేదని రాశారు. అమెరికా 1955లో వెళ్లగొడితే లండన్ చేరి, 1958లో బ్రిక్స్‌టన్ నుంచి పత్రిక నడిపారు. నా చదువు రోజుల్లో ఆమె పేరు నాకెవరూ చెప్పలేదు. నీకు ఆ లోటు ఉండకూడదు.

నా అసలు భయం ఇంటర్వ్యూల గురించి. ఏ సంవత్సరంలో వచ్చారు, కాగితాలున్నాయా అని మొదలుపెట్టకు. 1973కు ముందే కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు హక్కుగా వచ్చి స్థిరపడినవారు, ఆ ప్రశ్నలకే ఆధారాలు చూపలేక ఉద్యోగాలు, ఇళ్లు పోగొట్టుకున్నారని, కొందరిని దేశం నుంచే పంపేశారని 2018లో బయటపడింది. ఎదుటివారి మాట పూర్తికాకముందే అందుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు; ఎన్నిసార్లు కోప్పడ్డానో. అక్కడ అలా చేయకు తల్లీ. వాళ్లు చెప్పదలచుకోనిది చెప్పకుండా ఉండనివ్వు, దానివల్ల నీ థీసిస్ కొంత పలచబడినా సరే.

మీ అక్క పెళ్లిచూపుల్లో దాని రంగు గురించి మనవాళ్లన్న మాటలు విని నువ్వు ఏడ్చావు. ఆ కోపం నిన్ను ఈ చదువు వైపు నడిపించిందని నాకు తెలుసు. అయితే మన అనుభవమూ వారి అనుభవమూ ఒకటేనని ఎక్కడా రాయకు.

వెళ్లేలోగా హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ చూడాలి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ) వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. వారి సంతతివారైన సిద్దీలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. వచ్చే ఆదివారం నాకు ఖాళీయే, కలిసి వెళదాం.

మీ పెద్దమ్మ