సిస్‌ప్లాటిన్‌కు నోటి క్యాన్సర్ కణాలు ఎందుకు లొంగవు?

మీ నాన్నగారి నాలుక క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ (ప్లాటినం ఉన్న కీమో మందు) ఎక్కించినప్పుడు కణితి మొదట తగ్గి, కొన్ని నెలలకే మళ్ళీ పెరగడానికి కారణమేమిటని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను; పరిశోధక విద్యార్థిగా నోటి క్యాన్సర్ కణాలను పెంచి వాటిపై ఇదే మందు వేసిన అనుభవం ఉంది గనుక, కణం లోపల జరిగేది చెప్పగలను.

సిస్‌ప్లాటిన్ కణంలోకి చేరాక నీటితో చర్య జరిపి, డీఎన్ఏలో పక్కపక్కనున్న గ్వానిన్ అనే బేస్‌లకు అతుక్కుని ఆ పోగును వంచేస్తుంది. మందు చేసేది అంతవరకే. ఆ దెబ్బను గుర్తించి చనిపోవలసింది కణమే. మందును లోపలికి తెచ్చే రాగి రవాణా ప్రొటీన్ తగ్గినా, కణంలో ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక అణువు దాన్ని దారిలోనే పట్టేసినా, ఈఆర్‌సీసీ1 వంటి ప్రొటీన్లు డీఎన్ఏను బాగుచేసినా కణం బతికిపోతుంది. అయితే వీటన్నిటికన్నా బరువైన కారణం పీ53 అని నా అభిప్రాయం. దెబ్బతిన్న కణాన్ని చావువైపు నడిపించే ఈ జన్యువు, పొగాకువల్ల వచ్చే తల, మెడ క్యాన్సర్లలో చాలావరకు ముందే చెడిపోయి ఉంటుంది. గుట్కా, ఖైనీలతో వచ్చేవీ, శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగేవారికి అంగిట్లో వచ్చేవీ ఎక్కువగా ఈ కోవవే. హెచ్‌పీవీ వైరస్‌వల్ల గొంతులో వచ్చే క్యాన్సర్లలో ఆ జన్యువు సాధారణంగా చెక్కుచెదరదు. అవి చికిత్సకు మెరుగ్గా లొంగడానికి అదొక కారణమంటారు.

ప్లేటులో మందు వేసిన రెండు మూడు రోజులకు చాలా కణాలు గుండ్రంగా ముడుచుకుని, అడుగు వదిలి తేలతాయి. అక్కడక్కడ కొన్ని మాత్రం ఉబ్బి, విభజన మానేసి, అంటుకునే ఉంటాయి. మందు తీసేసి కొత్త మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పోస్తే, కొన్ని వారాలకు వాటి చుట్టూ చిన్న గుంపులు మొలుస్తాయి. మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతూ నెలల తరబడి ఈ కణాలను సాకితే, మొదటి తరాన్ని చంపిన మోతాదులోనే ఇవి హాయిగా పెరుగుతాయి. (సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తే దాని పస పోతుంది, అందుకే 'మొండి కణాలు' అన్న పరిశోధనా పత్రం కనిపిస్తే ముందు మందును దేనిలో కరిగించారో చూస్తాను.) శరీరంలోనైతే, రక్తనాళాలకు దూరంగా, ఆక్సిజన్ అందక మెల్లగా విభజించుకునే కణాలు ఇలాగే మిగిలిపోతాయి.

మూత్రపిండాలు, వినికిడి దెబ్బతింటాయి గనుక మోతాదు ఇష్టమొచ్చినంత పెంచడం కుదరదు. చివరి డోసు తర్వాత ఆరు నెలల్లోపే కణితి తిరగబెడితే దాన్ని సాధారణంగా ప్లాటినంకు లొంగనిదిగా లెక్కించి, నివోలుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొలిపే చికిత్స) వైపు చూస్తారు. కాబట్టి చివరి డోసు తేదీ, కణితి మళ్ళీ కనిపించిన తేదీ రెండూ రాసుకుని మీ ఆంకాలజిస్టుకు చూపించండి.