పాత కేబుల్‌తో ఎక్కే చార్జింగ్ కొత్త కేబుల్‌తో ఎక్కదేం?

ప్రశ్న: ఒక లిథియం సెల్‌ని టీపీ4056 చిప్‌తో చార్జ్ చేసే బోర్డు డిజైన్ చేస్తున్నాను. మైక్రో యూఎస్‌బీ పెట్టాలా, టైప్-సీ పెట్టాలా? టైప్-సీ పెట్టి చూస్తే పాత అడాప్టర్‌తో చార్జింగ్ ఎక్కుతోంది, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఎక్కడం లేదు.

జవాబు: టైప్-సీయే పెట్టండి. లోపం కనెక్టర్‌ది కాదు, మీరు వేయని రెండు రెసిస్టర్లది. ఇదే ఫిర్యాదు ఎన్నిసార్లు వస్తుందో! అవతల చార్జ్ కావలసిన పరికరం ఉందని తెలిస్తే తప్ప టైప్-సీ అడాప్టర్ 5 వోల్టులు వదలదు. ఆ కబురు అందించేవి కనెక్టర్‌లోని సీసీ1, సీసీ2 అనే గుర్తింపు పిన్నుల నుంచి గ్రౌండ్‌కి వేసే 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు. పాత ఏ-టైప్ పోర్టు అడగకపోయినా ఇచ్చేస్తుంది, అందుకే తప్పు బయటపడలేదు.

రెండు పిన్నుల్నీ కలిపి ఒకే రెసిస్టర్‌తో సరిపెట్టకండి. ఈ-మార్కర్ (తన సామర్థ్యం ఎంతో కేబులే చెప్పే) చిప్ ఉన్న కేబుల్ తగిలిస్తే, అందులోని సుమారు 1 కిలోఓమ్ దీనికి ప్యారలల్‌గా చేరుతుంది. అడాప్టర్ మీ బోర్డుని హెడ్‌ఫోన్ అడాప్టర్ అనుకుని మొహం తిప్పేసుకుంటుంది. ఒక్క రెసిస్టర్ మిగుల్చుకోవడానికి ఇలా చేసి, ‘మేమిచ్చిన కేబులే వాడండి’ అని పెట్టె మీద అచ్చువేసే తయారీదారులనేమనాలి?

చార్జింగ్ ఒక్కటే అయితే 6 పిన్నుల రకం టైప్-సీ కనెక్టర్ చాలు. దాని లోహపు తొడుగు (షెల్) కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి దిగేదే ఎంచుకోండి. పైపైన అతికే రకాన్ని కేబుల్‌తో నాలుగుసార్లు పక్కకి గుంజితే రాగి ప్యాడ్లతో సహా ఊడొస్తుంది. టీపీ4056లో చార్జింగ్ కరెంటుని నిర్ణయించే ప్రోగ్ పిన్నుకి 1.2 కిలోఓమ్ వేస్తే కరెంటు 1 ఆంపియర్, సెల్ 3.2 వోల్టుల దగ్గరుంటే చిప్ 1.8 వాట్ల వేడిని మోయాలి. పాత పోర్టులకీ పనికిరావాలంటే 2.4 కిలోఓమ్ వేసి 500 మిల్లీఆంపియర్లకి దించండి.

నన్ను అసలు కలవరపెట్టేది డేటా పిన్నులు కూడా ఉండే 16 పిన్నుల రకం. ‘ఎలాగూ ఉన్నాయిగా’ అని డేటా పిన్నుల్ని మైక్రోకంట్రోలర్‌కి కలిపేస్తారు. లోపలి ప్రోగ్రాంని బయటివాళ్లు చదవకుండా ఆపే రీడ్ ప్రొటెక్షన్ లేని చిప్ అయితే, బూట్ బటన్ నొక్కి కేబుల్ పెట్టినవాడు మొత్తం ఫర్మ్‌వేర్‌ని, అందులో దాచిన వైఫై పాస్‌వర్డ్‌తో సహా లాగేసుకోవచ్చు, తన ఫర్మ్‌వేర్ ఎక్కించనూవచ్చు. బల్లమీద ఎవరి కేబులో ఉంటే అది గుచ్చుకునే పరికరానికి ఆ దారి ఎందుకు? ప్రోగ్రామింగ్ లైన్లని కేసు లోపలి టెస్ట్ ప్యాడ్లకి తీయండి, రీడ్ ప్రొటెక్షన్ ఆన్ చేశాకే బోర్డు బయటికి పంపండి.