జపాన్ వెళ్లిన విదేశీయులు అక్కడి తిండికి అంతగా ఎందుకు పడిపోతారు?

నా లెక్కలో సగం కారణం దాషి, అంటే వాళ్ల వంటల్లో వాడే పలుచని రసం. కొంబు అనే ఎండు సముద్రపు నాచును నీళ్లలో సన్నని సెగ మీద వేడిచేసి, మరిగేలోపే తీసేస్తారు. తర్వాత రేకుల్లా తరిగిన ఎండు చేప వేసి వడగడతారు. చూడటానికి లేత పసుపు నీళ్లే, కానీ నాలుక ఇంకో గుక్క అడుగుతుంది. ఆ రుచి కొంబులోని గ్లుటమేట్ అనే పదార్థానిదని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కనిపెట్టి, ఉమామి అని పేరు పెట్టారు. (చేప తిననివాళ్లు జాగ్రత్త, కూరగాయల వంటల్లోనూ ఇది కలుస్తుంది.)

మిగతాది తినే తీరు. ముందు చేతులు జోడించి ‘ఇతదాకిమాస్’ అంటారు, వినయంగా స్వీకరిస్తున్నానని. రామెన్ (నూడుల్స్ సూప్) జుర్రుమనిపించినా ఎవరూ ఏమీ అనుకోరు. చాప్‌స్టిక్స్ మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చకండి, అలా గుచ్చేది చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలో.