పది పేజీలు వద్దు, ఐదు లైన్లు చాలు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. తెలుగు రాస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. రబ్బరుతో చెరిపి చెరిపి పేజీకి చిల్లులు పెడతాడు. బోర్డు మీద ఉన్నది సగమే రాసుకొస్తాడు. వారానికి రెండు పెన్సిళ్లు పోగొడతాడు. రోజూ పది పేజీల కాపీ రైటింగ్ రాయిస్తున్నాను. ట్యూషన్‌లో స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొడుతున్నారు. అయినా మార్పు లేదు. చాలా టెన్షన్‌గా ఉంది టీచరమ్మా.
– ఒక తల్లి, తణుకు

జవాబు: ముందు ఆ పది పేజీలు మానిపించమ్మా. మండల పరిషత్ బడిలో 31 ఏళ్లు చిన్న తరగతులకే చెప్పాను. పది పేజీల కాపీ దిద్దిన ప్రతిసారీ ఒకటే చూశాను. మొదటి పేజీ ముత్యాల్లా ఉంటుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి 'మ' తోక ఊడిపోయి 'వ' అవుతుంది, 'థ' లోపలి చుక్క ఎగిరిపోయి 'ధ' అవుతుంది. అక్కణ్ణుంచి వాడు సాధన చేసేది చెడ్డ రాతే కదా! రోజుకి ఐదు లైన్లు రాయించు. రాశాక, "ఇందులో నీకు బాగా కుదిరిన అక్షరం ఏదిరా?" అని అడిగి, దాని చుట్టూ వాడి చేతే సున్నా చుట్టించు.

వాడు ఎక్కడ కూర్చుని రాస్తాడో నువ్వు చెప్పలేదు. మంచం మీద బోర్లా పడుకుని రాస్తుంటే ఎవరి రాతైనా అంతే. కుర్చీలో కాళ్లు వేలాడుతుంటే కింద పీట వెయ్యి. పెన్సిల్‌ని బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మధ్యవేలి మీద ఆన్చాలి. రాసేటప్పుడు వాడి చూపుడువేలి గోరు చూడు. అది తెల్లబడుతోందంటే మరీ నొక్కి రాస్తున్నాడని అర్థం. అంత నొక్కి రాసిన గీత ఓ పట్టాన చెరగదు, అందుకే చిల్లులు. ఓ వారం రబ్బరు దాచెయ్యి. తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన రాయమను. ఈ సంగతి డైరీలో రెండు ముక్కలు రాసి క్లాసు టీచరుకి ముందే చెప్పు, లేకపోతే అక్కడ కొట్టివేతలకి చీవాట్లు పడతాయి.

ఇంకోటి, మన అక్షరాలన్నీ వంపులే. చెయ్యి తిరగడానికి నేను ముగ్గులు వేయించేదాన్ని. చాక్‌పీసు ఇచ్చి, ఐదు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేయమనేదాన్ని. మగపిల్లాడికి ముగ్గులేమిటని ఒక తండ్రి తగువుకొచ్చాడు. వాళ్లబ్బాయి రాసిన 'ఋ' చూపించాను, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

బోర్డు సంగతి. ముందు కళ్లు చూపించు. బోర్డు ఆనక పక్కవాడి పుస్తకంలోకి చూసే పిల్లల్ని, మాట వినడం లేదని మేమే తిట్టిన రోజులున్నాయి. చూపు బాగానే ఉంటే, ఎలా ఎక్కించుకుంటున్నాడో గమనించు. మా క్లాసులో ఒకమ్మాయి 'వర్షాకాలం' రాయడానికి నాలుగుసార్లు తలెత్తేది. 'వ' చూసి 'వ', 'ర్షా' చూసి 'ర్షా'. ఆ పిల్లకి ఆట నేర్పాను: మాట మొత్తం చదువు, కళ్లు మూసుకుని ఒకసారి పైకి అను, తల దించి రాసెయ్. అది వచ్చాక రెండు మాటలు, తర్వాత చిన్న వాక్యం. దసరా సెలవుల్లోపు బోర్డు చెరిపేవేళకి పుస్తకం మూసేసేది.

ఇక స్కేలు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టకూడదంది. ట్యూషన్‌కి మాత్రం వేరే న్యాయమా? వెళ్లి గట్టిగా చెప్పు, వినకపోతే మాన్పించు. కొట్టకపోయినా నేనూ ఒక తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడి పేజీ అందరి ముందూ చింపేశాను. ఆ తర్వాత చాలాకాలం వాడు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. నేను పక్కకి వెళ్తే పుస్తకం మూసేసేవాడు.

పెన్సిళ్లకి నా దగ్గర పెద్ద మందేమీ లేదు. రాత్రి టైంటేబుల్ చూసి సంచీ వాడే సర్దుకోవాలి, రెండు పెన్సిళ్లు వాడే చెక్కుకోవాలి. నువ్వు సర్దిపెడుతున్నంతకాలం అవి నీ పెన్సిళ్లే, వాడివి కావు.

ప్రశ్న: మా మనవరాలు ఎడమచేత్తో రాస్తుంది. మాన్పించాలా?
– ఒక నానమ్మ, నల్గొండ

జవాబు: వద్దండీ. కాగితం పైభాగం కాస్త కుడివైపు వాలేలా పెట్టండి, పెన్సిల్ మొన నుంచి కొంచెం పైకి పట్టుకోమనండి, రాసింది చేతికింద నలగదు. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని అడగండి. లేకపోతే పక్కపిల్ల మోచెయ్యి తగిలి రోజూ పేచీయే.