హీలియం ఎగబాకుతుందా?

సందేహం: హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపును చల్లగా ఉంచిన ద్రవ హీలియం గురించి రాస్తూ "అది ట్యాంకు గోడల వెంట ఎగబాకుతుంది" అన్నాను. ఎగబాకడం ప్రాణమున్నవాటికే చెల్లుతుందని ఒక మిత్రుడు తప్పుపట్టారు. ఏది సరి?

సమాధానం: క్రియ వరకు మీదే సరి. 'ఎగ' అంటే పైకి. ఎగువ, ఎగజిమ్ము, ఎగదోయు, ఎగుడుదిగుడు అన్నీ ఆ ఇంటివే. రెండోది 'ప్రాకు'. ద్రుతం, అంటే మాట చివరి నకారం వల్ల పకారం సరళమై, బకారంగా మారి 'ఎగఁబ్రాకు' అయింది. క్రింద 'కింద'గా, ప్రాత 'పాత'గా మారినట్టే ఇక్కడా రేఫ, అంటే రకారం జారిపోయి మనకు 'ఎగబాకు' మిగిలింది. పాకడంలో కీలకం ప్రాణం కాదు, అంటిపెట్టుకుని సాగడం. వానాకాలంలో పునాది నుంచి చెమ్మ గోడను వదలకుండా పైకి పాకుతుంది. దానికి ప్రాణముందా? హీలియం సుమారు 2.17 కెల్విన్ కంటే, అంటే మైనస్ 271 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే జిగట పోయి, కంటికి ఆనని పొరగా గిన్నె గోడనంటుకుని పైకి పాకి, అంచు దాటి అవతలికి దిగుతుంది. 'పారుతుంది' అంటే ఈ అంటుకోవడం రాదు.

ర్యాంకుల్లో ఎగబాకడం సరే, మెట్టుమెట్టుగా కనుక. "షేర్లు ఒక్కసారిగా ఎగబాకాయి" అని పత్రికలు రాస్తుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పాకేది ఒక్కసారిగా ఎలా పాకుతుంది? 'ఎగిశాయి' అన్న మాట ఏమైపోయింది?

అయితే మీ వాక్యంలో చిక్కు 'ఎగ' దగ్గరుంది. అంతరిక్ష నౌకలో బరువు తెలియదు, ఎగువా దిగువా ఉండవు. ద్రవం ట్యాంకు అడుగున నిలవదు. ఆవిరిని వదలబోతే ద్రవమే పోవచ్చు. అందుకే 1983 నాటి ఐరాస్ అనే అంతరిక్ష టెలిస్కోపులోనూ, తర్వాత హెర్షెల్‌లోనూ ఆవిరి పోయే దారికి అతిసన్నని రంధ్రాల బిరడా బిగించారు. అందులోకి ఇంకిన హీలియం బయటి శూన్యం వైపు ఆవిరవుతుంటే ఆ ముఖం ఇంకా చల్లబడుతుంది. ఈ హీలియానికి చల్లని చోటు నుంచి వెచ్చని చోటుకు పోయే గుణముంది. కనుక ద్రవం ట్యాంకులోకే మళ్ళుతుంది, ఆవిరి మాత్రం వేడిని మోసుకుని బయటపడుతుంది. 2009లో 2,300 లీటర్లకు పైగా హీలియంతో వెళ్ళిన హెర్షెల్ 2013 ఏప్రిల్ దాకా ఇలాగే నెట్టుకొచ్చింది.

కాబట్టి అక్కడ "గోడల వెంట పాకుతుంది" చాలు. బిరడా దగ్గర 'ఇంకుతుంది' అనండి. భూమ్మీది ప్రయోగశాలలో అయితే నిక్షేపంగా ఎగబాకనివ్వండి. మీరు 'ఎగ'ను ఉంచినా తప్పని కొట్టివేయను.