డెంగ్యూ రోజుల్లో భయపడటం తప్పా?

మీ వీధిలో డెంగ్యూ కేసులు మొదలైనప్పటి నుంచి మనసు మనసులో లేదని, ఇంట్లోవాళ్లు "ఊరికే కంగారు పడతావు" అంటున్నారని రాశారు. ఈ భయాన్ని ఎలా పోగొట్టుకోవాలని అడిగారు. పూర్తిగా పోగొట్టుకోకండి అనే చెప్తాను.

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ టెన్షన్ పడేది మా అత్తయ్య. ఒక వానాకాలం విజయవాడలో మావారికి డెంగ్యూ వచ్చింది. కొన్ని రోజులకు జ్వరం దిగింది. గండం గడిచిందని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. అత్తయ్య మాత్రం మంచం పక్క నుంచి కదల్లేదు. ఆయన కడుపు పట్టుకుంటున్నారని, తాగింది తాగినట్టే వాంతి అవుతోందని, చేతులు చల్లబడ్డాయని గమనించింది ఆవిడే. "జ్వరం లేకపోతే ఏంటి, వాడి వాలకం బాగాలేదు, పదండి" అని పట్టుబట్టి ఆసుపత్రికి బయల్దేరదీశారు. వెంటనే చేర్చుకుని సెలైన్ పెట్టారు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోతోందని, డెంగ్యూలో అసలు గండం జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనేనని డాక్టరు చెప్పారు. మిగతావాళ్ల భయం జ్వరంతోపాటే దిగిపోయింది, ఆవిడది దిగలేదు. ఆయన బతికి బయటపడ్డారంటే అందుకే అని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా వస్తే జ్వరం తగ్గాక ఇంకా జాగ్రత్తగా చూడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా ఆగకండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వెయ్యొద్దు, రక్తస్రావం పెరగొచ్చు.

రాకముందు కూడా ఈ భయానికి పని ఉంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నిల్వ నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టమని శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది పళ్లేలు పారబోస్తే చాలదు, రుద్ది కడగాలి. అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఈ దోమ కుట్టేది పగలు, పిల్లలకు బడికి నిండు చేతుల చొక్కాలు వేయండి.

పనికిరాని భయం కూడా చూశాను. పూటపూటకీ ప్లేట్‌లెట్ల లెక్క అడుగుతూ, బొప్పాయి ఆకు రసం పోస్తూ, మనిషి నీరసించిపోతున్నా ఇంట్లోనే ఉంచుకోవడం. దాన్ని మాత్రం దగ్గరకు రానివ్వకండి.

ఇవన్నీ చేసుకున్నాక కూడా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.