ఆగిన ఇంజన్‌ను వెంటనే విప్పకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జర్మనీలోని మన్‌హైమ్‌లో నువ్వూ నీ స్నేహితులూ కలిసి, కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండి ఇంజన్‌కు నమూనా తయారుచేస్తున్నారని, మొన్న అది నాలుగు నిమిషాలు తిరిగి ఆగిపోయిందని చెప్పావు. నీ గొంతులో దిగులు వినిపించింది. నాకు మాత్రం సంతోషం వేసింది. నలభై ఏళ్లు రైస్ మిల్లుల్లో, పొలాల్లో ఒంటి సిలిండర్ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. అసలు తిరగని ఇంజన్ కన్నా, తిరిగి ఆగిన ఇంజన్ ఎంతో ఎక్కువ చెబుతుంది.

ఆగగానే స్పానరు పట్టుకోకు. బ్యాటరీ తీగ ఊడదీసి, ఫ్లైవీల్‌ను, అంటే ఆ బరువైన చక్రాన్ని, చేత్తో తిప్పి చూడు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, గట్టిగా అడ్డుతగిలితే వాల్వులు, రింగులు బాగున్నట్టే. తర్వాత స్పార్క్ చూడు, చుట్టుపక్కల ఇంధనం ఆవిరి లేకుండా జాగ్రత్తపడి. బెంజ్‌ను అన్నిటికన్నా ఎక్కువ వేధించింది ఆ స్పార్కే. ఈ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే, గాలినీ ఇంధనాన్నీ కలిపే కార్బురేటర్ జోలికి వెళ్లు.

నా అనుమానం అక్కడే ఉంది. ఆ కార్బురేటర్‌లో తర్వాతి వాటిలా ఇంధనం చిమ్మే సన్నని జెట్ ఉండదు. లిగ్రాయిన్ అనే తేలికపాటి పెట్రోలియం ద్రవం నుంచి లేచే ఆవిరిని గాలి మోసుకుపోతుంది. ఆవిరయ్యే కొద్దీ మిగిలిన ద్రవం చల్లబడుతుంది. చల్లబడితే ఆవిరి తగ్గుతుంది, ఇంజన్ ఆకలితో ఆగుతుంది. పైగా తేలిక భాగం ముందే పోయి బరువైనది అడుగున మిగులుతుంది. కనుక ఉదయం కుదిరిన గాలి పాళ్లు మధ్యాహ్నానికి కుదరవు. ద్రవంలో థర్మామీటరు పెట్టి నిమిషానికోసారి వేడి రాసుకో.

ఒకసారికి ఒక్కటే మార్చు. వయసులో ఉండగా ఒక మిల్లు ఇంజన్‌కు నాజిల్, వాల్వు టైమింగ్ రెండూ ఒకేసారి మార్చాను. బ్రహ్మాండంగా తిరిగింది. ఏది పనిచేసిందో తెలియలేదు. మరుసటి ఏడాది కోతల సమయంలో అదే ఇంజన్ మొరాయిస్తే మూడు రోజులు వెతికాను, బయట ధాన్యం బళ్లు బారులు తీరి ఉండగా.

ఖాళీగా తిరగడం చూసి మురిసిపోవద్దు. పుల్లీకి తాడు చుట్టి, ఒక కొసకు బరువు, రెండో కొసకు స్ప్రింగ్ త్రాసు కట్టి ఎంత శక్తి ఇస్తుందో పరీక్షించు. 954 సీసీ సిలిండర్, నిమిషానికి 400 చుట్లు, ముప్పావు హార్స్‌పవర్: బెంజ్ ఇంజన్‌కు అంతే వచ్చింది. మన 100 సీసీ మోటార్ సైకిల్ దాదాపు పదింతలు ఇస్తుందని పోల్చి బాధపడకు. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు మరిగి ఆవిరైపోతూనే ఉంటాయి, పోస్తూనే ఉండాలి.

ఆ తర్వాత రోడ్డు. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఆ బండిలో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మీ ఊరి నుంచే ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వీస్‌లోక్‌లో మందుల దుకాణంలో లిగ్రాయిన్ కొంది. అరిగిన బ్రేకులకు తోలు వేయించింది. ఎత్తుల్లో బండిని తోయాల్సి వచ్చింది, అందుకే తర్వాత తక్కువ గేరు చేరింది. షెడ్డులో ఎన్నేళ్లు తిప్పినా ఆ చడావులు ఎదురయ్యేవా? ఆవిడను తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఫ్లైవీల్ తిప్పేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచు, చుట్టి పట్టుకోకు. వెనక్కి తన్నితే విరుగుతుంది. నువ్వు రాసుకునే పుస్తకంలో ఇంజన్ ఆగిన రోజుల పేజీలు ముందు ఫొటో తీసి పంపు.

మీ మామయ్య